కారే వాల్వు, పోయిన గాలి

మీరు చదవబోయేది ఒక మహాకావ్యం. ఇందులో పాతాళం నుంచి ఉబికి వచ్చే జలం ఉంది. ఇనుప కోటలో బందీగా ఉన్న వాయువు ఉంది. ఒక పసిపాపను సొంత ఇంటి గడప దాటనివ్వని అదృశ్యశక్తి ఉంది. దాన్ని ఎదిరించడానికి ఒంటరిగా బయలుదేరిన వీరుడు ఉన్నాడు.

అంత లేదు. నార్సింగిలో ఒక విల్లాలో బోరు మోటరు పక్కనున్న రిలీఫ్ వాల్వు కారింది. వీరుడికి నడుం నొప్పి. ఆయుధం సైకిల్ పంపు, అదీ అడిగి తెచ్చుకున్నది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పని ఎలా చేయాలో మీకు ఎవరో ఒకరు నేర్పుతారు. పని నిజంగా ఏమిటో ఎవరూ చెప్పరు. చెప్తే మీరు రారు.

పదవీ విరమణ

నేను రిటైరయ్యాను. నా వయసు ముప్ఫై నాలుగు. సర్కారు నౌకరీ చేసేవాళ్ళకు సర్కారు విరమణ ఇస్తుంది, నాకు నా నడుము ఇచ్చింది. పంపు రూములు గీసే ఆర్కిటెక్టులు ఆ గదిలోకి వెళ్ళేది మనిషి కాదని, పిల్లి అని నమ్ముతారు. అలాంటి గదుల్లో ఏళ్ళ తరబడి వంగి వంగి, ఒకరోజు వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. ఆ స్థితిలోనే గేటు దాకా వస్తే, ఆ ఇంటి పెద్దాయన నేను వినయంగా నమస్కారం పెడుతున్నాననుకుని ఆయన కూడా వంగి పెట్టారు. దవాఖానలో డాక్టరు ఇక వంగే పనులు వద్దన్నాడు. ఇప్పుడు బాలానగర్‌లో పైపుల దుకాణం కౌంటరు వెనక కూర్చుంటున్నాను. వీడ్కోలు సభ జరగలేదు. శాలువా కప్పేవాళ్ళు లేక నడుం బెల్టు నేనే కట్టుకున్నాను.

ఉద్యోగం పేరు

విజిటింగ్ కార్డు మీద నేను ప్రెషర్ సిస్టమ్స్ ఎగ్జిక్యూటివ్‌ని. మా గల్లీలో మోటర్లు బాగుచేసెటోణ్ణి. నాకు సంబంధాలు చూసే రోజుల్లో మా అమ్మ, మావాడు హైటెక్ సిటీల చేస్తడు అని చెప్పేది. అబద్ధం కాదు. అద్దాల మేడ పైన ఎన్ని అంతస్తులున్నా, అన్నిటికన్నా కింద ఒక పంపు రూము ఉంటుంది. ఒక పెళ్ళికూతురి తండ్రి, సాఫ్ట్‌వేరా హార్డ్‌వేరా అని అడిగాడు. హార్డ్‌వేర్ అన్నాను. ఆయన చాలా సంతోషించాడు. కొన్నాళ్ళకు వాళ్ళింటి మోటరు పాడైతే మా దుకాణం నన్నే పంపింది. తలుపు తీసిన ఆయన సంతోషం తగ్గింది. నీళ్ళు మాత్రం వచ్చాయి.

పేరు గురించి ఫికర్ చేయకండి. ఏ పేరు పెట్టుకున్నా తడిసేది మీరే.

సేటు, మంచినీళ్ళు

మా దుకాణం యజమాని యాదగిరి సేటు. ఆయనకు ఇద్దరంటే కోపం. ఒకడు ప్యాంటు తడవకుండా తిరిగొచ్చిన మెకానిక్, రెండోవాడు నిండా తడిసి వచ్చినవాడు. మొదటివాడు పని చేయలేదు, రెండోవాడికి పని రాదు. మోకాళ్ళ దాకా తడిసి వస్తే ఆయన ఏమీ అనడు. అదే మాకు ప్రశంసాపత్రం.

ఆయన నేర్పిన విద్య ఒక్కటే. “ఇంట్ల అడుగు పెట్టంగనే మంచినీళ్ళడుగు. గ్లాసు ఖాళీ అయ్యేదాంక పానా ముట్టకు.”

మర్యాద నేర్పుతున్నాడనుకున్నాను. మర్యాదకూ ఆయనకూ పరిచయం లేదని తర్వాత తెలిసింది. ఇంటివాళ్ళు మన కోసం నల్లా తిప్పుతారు. తిప్పగానే మోటరు లేచిందా, ఆగి లేచిందా, ఎంతసేపటికి పడుకుంది, గోడలో పైపు ఏమన్నది, ఇవన్నీ ఆ గ్లాసు తాగేలోపు మన చెవిన పడాలి. పానా చేతిలో ఉన్నవాడికి చెవులు పనిచేయవు. ఈ మధ్య అందరూ ఫ్రిజ్‌లోంచి సీసా తీసి ఇస్తున్నారు. అలాంటి ఇళ్ళలో చేతులు కడుక్కుంటానని చెప్పాలి. శుభ్రమైన మనిషి అన్న పేరు కూడా వస్తుంది.

వాల్వు ఎందుకు కారుతుంది

కొంచెం పాఠం తప్పదు. ఇంటి మీద ట్యాంకు పెడితే ఎలివేషన్ పాడవుతుందని ఆర్కిటెక్టు అంటాడు. అందుకని బోరులో మోటరు తోసే నీళ్ళు ఒక ఇనుప డ్రమ్ములోకి వెళ్తాయి. డ్రమ్ము లోపల రబ్బరు సంచి ఉంటుంది. సంచిలో నీళ్ళు, సంచి చుట్టూ గాలి. ఆ గాలి పరుపులాగా అణిగి, మళ్ళీ లేచి, నీళ్ళను కుళాయిల దాకా తోస్తుంది. ఒత్తిడి తగ్గితే ఒక స్విచ్చి మోటరును లేపుతుంది, సరిపోయినంత పెరగగానే పడుకోబెడుతుంది. ఎక్కడైనా లెక్క తప్పి ఒత్తిడి హద్దు దాటితే, పైపులు పగలకుండా రిలీఫ్ వాల్వు తెరుచుకుని నీళ్ళు బయటికి వదిలేస్తుంది.

అంటే అది కుక్కర్ విజిల్‌కు చుట్టం. విజిల్ వేస్తోందని విసుగొచ్చి, విజిల్ పీకేసి అక్కడ బిరడా కొట్టే ఇల్లాలు ఎక్కడా కనబడదు. కానీ వాల్వు కారుతోందని దాని మూతికి డమ్మీ బిగించే మగవాళ్ళు కాలనీకొకరు ఉన్నారు. కొండాపూర్‌లో ఒకాయన అలాగే బిగించి, సమస్య తీరిపోయిందని నాకు ఫోటో పంపాడు. మర్నాడు పగిలిన పైపు ఫోటో పంపాడు. రెండో ఫోటో ఇంకా బాగా వచ్చింది, నీటి తుంపరల్లో ఎండ పడి ఇంద్రధనుస్సు కూడా కనిపించింది.

వాల్వు కారుతోందంటే వాల్వు చెడిపోయిందనే అనుకోకండి. చాలాసార్లు ఆ వ్యవస్థ మొత్తంలో బుద్ధిగా పనిచేస్తున్నది అదొక్కటే.

నార్సింగి విల్లా

ఇంటి యజమాని రవికాంత్ గారు. ఒక ఐటీ కంపెనీలో మేనేజరు, వాళ్ళది భీమవరం వైపు. ఫిర్యాదు ఇచ్చిన వెంటనే ‘రిలీఫ్ వాల్వ్ ఇష్యూ’ అని వాట్సాప్ గ్రూపు పెట్టి మా సేటును కూడా అందులో చేర్చారు. సేటు ఆ గ్రూపులో పొద్దున్నే గులాబీ పువ్వుతో శుభోదయం పంపేవాడు. రవికాంత్ గారు అది స్టేటస్ అప్‌డేట్ అనుకుని కింద ‘నోటెడ్’ అని పెట్టేవారు. ఇద్దరూ పని బాగా సాగుతోందనే అనుకున్నారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ట్యాంకులో గాలి పోయిందేమో చూడండని ఆయన మొదటి రోజే గ్రూపులో రాశారు. ఇంటర్నెట్లో వీడియోలు చూశారట. మా దుకాణం నుంచి వెళ్ళిన మెకానిక్ నవ్వుకుని, వాల్వు మార్చి వచ్చాడు. కొత్త వాల్వు కూడా కారింది. వీడియోలు చూసిన కస్టమరును చూసి నవ్వకండి. ఒక్కోసారి వాళ్ళు చూసిన వీడియో సరైనదే అయి ఉంటుంది.

ఆయన తొందర నీళ్ళ కోసం కాదు. భార్య పురిటికి హఫీజ్‌పేట్‌లోని పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళు అక్కడివాళ్ళే, తరతరాలుగా. ఆడపిల్ల పుట్టింది. ఐదో నెలలో గురువారం నాడు తల్లీబిడ్డల్ని నార్సింగికి తీసుకురావాలని ముహూర్తం పెట్టారు. ఆ గురువారం దాటితే మూఢం. మూఢం వెళ్ళేదాకా పసిపిల్లను కదపకూడదని రవికాంత్ గారి తల్లి సుభద్రమ్మ గారి శాసనం. రెండు ఇళ్ళ మధ్య దూరం పెద్దదేం కాదు. కానీ మధ్యలో ఆయన ఆఫీసు ఉంది, ఆఫీసు చుట్టూ ట్రాఫిక్ ఉంది. కూతుర్ని ఆదివారాలే చూడగలిగేవారు. మిగతా రోజులు వీడియో కాల్. ఎదురుగా వెళ్ళి నిలబడితే ఆ పిల్ల ఆయన్ని వదిలేసి ఆయన చేతిలో ఫోను వైపు చూసి నవ్వుతోందట. నాన్న అంటే ఫోన్లో ఉండే మనిషి అనుకుంటోందండీ అని నాతో చెప్పారు. నవ్వుతూనే చెప్పారు. నేను దాని మీద జోకు వేయబోయి మానేశాను. వృత్తి జీవితంలో అలా మానేయడం అదే మొదటిసారి.

కాబట్టి గురువారం లోపు ఇంట్లో నీళ్ళు సరిగ్గా రావాలి. మంగళవారం నేను వెళ్ళాను.

సుభద్రమ్మ గారు ఒక్కరే ఇంట్లో ఉన్నారు. మంచినీళ్ళడిగాను. ఆవిడ కుళాయి తిప్పగానే మోటరు లేచింది, పడుకుంది, లేచింది, పడుకుంది. ఎక్కిళ్ళు వచ్చినవాడిలాగా ఉంది దాని వరస. గ్లాసు కింద పెట్టి వెళ్ళి డ్రమ్మును వేలి కణుపుతో తట్టాను. పైన బోలుగా, కింద మొద్దుగా మోగాలి. పై నుంచి కింది దాకా మొద్దుగానే మోగింది. లోపల గాలి లేదు, అంతా నీళ్ళే. పరుపు లేదు కనుక మోటరు లేవగానే ఒత్తిడి ఒక్కసారిగా ఎగిరి హద్దు దాటుతోంది, వాల్వు ఉమ్ముతోంది. రవికాంత్ గారి వీడియో గెలిచింది. గాలి నింపే పంపు నా దగ్గర లేదు. మర్నాడు తెస్తానని బయలుదేరాను.

ఇక్కడ జరిగింది జాగ్రత్తగా చదవండి. నేను హెల్మెట్ పెట్టుకుంటున్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగారు.

“ఏమైందబ్బాయ్ దానికి?”

“ఏం లేదమ్మా. గాలి సంగతి.”

“గాలా?”

“గాలే. శాన దినాలసంది గిట్లనే ఉన్నట్టుంది. మీరెవ్వరు గమనించలే.”

ఆవిడ గొంతు తగ్గించారు. “ఈ ఒక్క ఇంట్లోనేనా?”

“ఈ గల్లీల అన్ని ఇండ్లల్ల గిదే కత. పరేషాన్ గాకుండ్రి. రేపొచ్చి పట్టిస్త.”

ధైర్యం చెప్పానన్న తృప్తితో బండి స్టార్ట్ చేశాను.

ఒక మాట, రెండు గాలులు

నేను బళ్ళ మధ్య పెరిగాను. గాలి పట్టించడమంటే నాకు పెట్రోలు బంకు. సుభద్రమ్మ గారికి గాలి పట్టడమంటే వేపమండలు. మా వైపు కూడా ఆ రెండో గాలి ఉంది, లేదనను. కానీ హెల్మెట్ పెట్టుకుంటూ మాట్లాడే గాలి అది కాదు.

సాయంత్రం రవికాంత్ గారు మీటింగులోంచి బయటికొచ్చి ఫోన్ చేశారు.

“మా అమ్మకి ఏం చెప్పారండి మీరు?”

“గాలి పోయిందని చెప్పిన సార్.”

“పోయిందని కాదండి, పట్టిందని చెప్పారంట. వీధి మొత్తానికి పట్టిందంట. రేపొచ్చి ఇంకా పట్టిస్తానన్నారంట.”

నేను వెళ్ళిన కాసేపటికే సుభద్రమ్మ గారు హఫీజ్‌పేట్‌లోని వియ్యపురాలు అనసూయమ్మ గారికి ఫోన్ చేశారు. మా ఇంట్లో గాలి ఉందని తేలింది, ఆ సంగతి చూసేదాకా పిల్లను తీసుకురావద్దు అని చెప్పారు. అటు నుంచి, అవునవును, అసొంటి ఇంటికి పసిపిల్లను ఎట్ల తోల్తం అని జవాబు వచ్చింది. పెళ్ళయినప్పటి నుంచి ఆ రెండు కుటుంబాలు ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం అదే మొదటిసారట. దాన్ని చెడగొట్టడానికి రవికాంత్ గారికి ధైర్యం చాలలేదు.

అది సైకిలు గాలి లాంటిదని తల్లికి విడమరిచి చెప్పారట. ఆవిడ ఊఁ అని ఊరుకున్నారట. “నా మాట వినదండి. మీరే నోరు జారారు, మీరే వెళ్ళి చెప్పండి. గురువారం దాటిపోతే నేను...” అని ఆగిపోయారు. వెనకాల ఎవరో ఆయన్ని మీటింగులోకి పిలుస్తున్నారు.

సేటుకు చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నా వైపు గౌరవంగా చూశాడు.

“వాల్వు కారుతుందని తోలిస్తే ఇల్లుకు ఇల్లే కారేటట్టు జేసి వచ్చినవ్. ఎవనికన్న వస్తదారా గీ పని.”

బుధవారం

సైకిల్ పంపు బ్యాగులో పెట్టుకుని వెళ్ళాను. గేటుకు కొత్త నిమ్మకాయలు వేలాడుతున్నాయి. పంపు రూము తలుపుకు వేపమండలు కట్టి, గొళ్ళేనికి పసుపు తాడు చుట్టారు. మా దుకాణం ఇచ్చే వారంటీ కార్డు కన్నా అదే నమ్మకంగా కనిపించింది. తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని సుభద్రమ్మ గారు కూర్చున్నారు.

లోపలికి పంపే ముందు నేను వినాల్సినవి కొన్ని ఉన్నాయన్నారు. కుళాయి కట్టేయగానే గోడలో ఎవరో తలుపు తట్టినట్టు చప్పుడవుతుంది. ఎవరూ కుళాయి తిప్పకపోయినా మోటరు దానంతటదే లేస్తుంది. లేచినప్పుడల్లా బయట ఎవరో ఉమ్మినట్టు నీళ్ళు పడతాయి. పూజకు పట్టిన రాగిచెంబు అడుగున విభూతి రాలుతోంది.

నేను డ్రమ్ము తట్టి తెలుసుకున్నది ఆవిడ వంటింట్లో కూరగాయలు తరుగుతూ తెలుసుకున్నారు. గోడలో చప్పుడు, ఆగలేక ఆగిన నీళ్ళు పైపును గుద్దడం. మోటరు దానంతటదే లేవడం, వాల్వు కారి ఒత్తిడి తగ్గిపోవడం. ఉమ్మడం సరే సరి. మా సేటు దగ్గర ఇంత బాగా చెవులు పనిచేసే మెకానిక్ లేడు. లక్షణాలన్నీ సరైనవే, రోగం పేరు దగ్గరే మా ఇద్దరికీ తేడా. విభూతి మాత్రం నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని మూఢనమ్మకం కింద జమకట్టి లోపలికి వెళ్ళాను. ఆవిడ కూడా కుర్చీ తెచ్చుకుని వెనకే వచ్చారు.

మోటరు ఆపాను. కుళాయి తిప్పి నీళ్ళన్నీ వదిలేశాను. డ్రమ్ముకు టైరుకున్నట్టే ఒక పిన్ను ఉంటుంది, దాన్ని నొక్కాను. ముసలి పాము బుసలాగా చిన్నగా ఉస్సుమని ఆగిపోయింది. నీళ్ళు రాలేదు, అంటే రబ్బరు సంచి చిరగలేదు. మంచి వార్త.

“పోయిందా?” అన్నారు సుభద్రమ్మ గారు.

“ఎప్పుడో పోయిందమ్మా. ఇప్పుడు నింపాలె.”

“పోయినదాన్ని మళ్ళీ నింపుతావా?”

పంపు బయటికి తీసి కొట్టడం మొదలుపెట్టాను. డ్రమ్ము పెద్దది, పంపు చిన్నది, నడుము అంతకన్నా చిన్నది. ఆవిడ ఆ పంపు వైపే చూస్తూ కూర్చున్నారు. మధ్యలో ఒకసారి, పిడి నిటారుగా పట్టుకో, వంకరగా కొడితే గాలి పక్కనుంచి పోతుంది అన్నారు. నేను సర్దుకున్నాను. ఆ సలహా ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించే ఓపిక అప్పుడు లేదు.

మోటరు వేశాం. నిదానంగా లేచి, నిదానంగా నింపి, ఒక్కసారి టక్కుమని ఆగింది. ఆవిడ వెళ్ళి వంటింటి కుళాయి తిప్పి కట్టేశారు. గోడ నోరెత్తలేదు. ఎక్కిళ్ళు పోయాయి.

వాల్వు మాత్రం కారుతోంది. చుక్క. ఆగి, ఇంకో చుక్క. ఒత్తిడి సరిగ్గా ఉంది, గాలి ఉంది, వాల్వు కొత్తది. కారడానికి దానికి ఒక్క కారణం కూడా లేదు. నేను దాని వైపు చూస్తున్నాను, ఆవిడ నా వైపు చూస్తున్నారు. రేపు గురువారం.

ఇంకో వాల్వు మార్చేసి చేతులు దులుపుకోవడం ఇలాంటప్పుడు సులువు. పానా అందుకున్నాను కూడా. అప్పుడు విభూతి గుర్తొచ్చింది. ఆ చెంబు ఒకసారి చూపించమన్నాను. ఆవిడ దేవుడి గదిలోంచి తెచ్చారు. అడుగున తెల్లగా పొడి ఉంది. రెండు వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడింది. విభూతి గరగరలాడదు. మన బోర్లన్నీ బండను తొలిచి వేసినవి. ఆ బండ పొడి నీళ్ళతో పైకి వస్తోంది. వాల్వు రోజంతా ఉమ్ముతూ ఉంటే దాని నోట్లో ఒక రేణువు ఇరుక్కుపోయింది, ఇక పూర్తిగా మూసుకోవడం లేదు. పంటి సందున జీడిపప్పు ముక్క ఇరుక్కున్న మనిషి పరిస్థితే.

వాల్వు నెత్తిన ఒక రింగు ఉంటుంది. దాన్ని పైకి లాగి పట్టుకున్నాను. నీళ్ళు జోరుగా బయటికి తన్నాయి, నా ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది. టప్పున వదిలేశాను. మళ్ళీ లాగి, మళ్ళీ వదిలాను. ఇద్దరం వంగి చూశాం. చుక్క తయారైంది, పెద్దదైంది, వేలాడింది. తర్వాతది రాలేదు.

ఆవిడ విభూతి అనకపోయి ఉంటే నేను మూడో వాల్వు బిగించి, అది కూడా కారడం చూసి ఇంటికి వెళ్ళేవాణ్ణి. కస్టమరు చెప్పిన పేరును నమ్మకండి. చూసింది మాత్రం నమ్మండి.

అసలు మరమ్మతు

ఇంతటితో పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ కాఫీ ఇచ్చి, వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

“అబ్బాయ్, అది సైకిలు గాలని నాకు నిన్న సాయంత్రమే తెలిసింది. మావాడు చెప్పాడుగా. నేనేం సైకిలు చూడనిదాన్నా? హైస్కూలుకి సైకిలు మీదే వెళ్ళాను.”

నేను గేటు వైపు చేయి చూపించాను. “మరి ఈ నిమ్మకాయలేందమ్మా?”

“అప్పటికే మా వియ్యపురాలికి చెప్పేశానయ్యా, ఇంట్లో గాలి ఉంది, పిల్లని తేవొద్దని. సాయంత్రానికి మళ్ళీ ఫోన్ చేసి, అబ్బే, సైకిలు గాలంట వదినగారూ అని ఎలా చెప్పను? పెళ్ళిలో వాళ్ళ పప్పులో ఉప్పు లేదన్నానని ఇప్పటికీ ఉప్పు డబ్బా నా ముందు పెట్టి గాని వడ్డించదు. ఇది దొరికితే మనవరాలి పెళ్ళి దాకా చెప్పుకుంటుంది.”

అంటే ఆ వేపమండలు దయ్యం కోసం కట్టినవి కావు. మాట వెనక్కి తీసుకోవడానికి ఒక దారి కోసం కట్టినవి. గాలి ఉందని తేల్చింది మెకానిక్ కనుక, పోయిందని కూడా మెకానిక్కే చెప్పాలి. అప్పుడు ఎవరి మాటా తప్పు కాదు, పిల్ల రేపు ఇంటికి వస్తుంది. నాకు భూతవైద్యం రాదు గాని చొక్కా మీద కంపెనీ పేరుంది కదా, అది చాలు అన్నారు ఆవిడ.

ఇబ్బంది ఏమిటంటే, డ్రమ్ములో గాలి ఇప్పుడే నిండా పట్టించాను. నడుము దానికి సాక్షి. ఆ నోటితోనే గాలి పోయిందని చెప్పాలి. వృత్తిధర్మం అని ఒకటి ఉంటుంది. అది కాఫీ చల్లారేదాకా ఆలోచించి ఒప్పుకుంది.

ఆవిడ ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, నా ముందు ఉంచారు. అనసూయమ్మ గారి గొంతు వినపడింది. గొంతు సవరించుకున్నాను.

“అమ్మా, నేను నార్సింగిల మోటరు మెకానిక్‌ను మాట్లాడుతున్న. ఈ ఇంట్ల గాలి పోయిందమ్మా. మొత్తం పోయింది. ఇగ ఏం ఫికర్ లేదు.”



“మొత్తం పోయిందా?”

“మొత్తం అమ్మా. జర గూడ లేదు.”

“మరి నింపలేదా?”

సుభద్రమ్మ గారూ నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

“గాలి లేకుంటే నల్లలల్ల నీళ్ళెట్లొస్తయి బిడ్డా?” అన్నారు అనసూయమ్మ గారు. “మా అపార్ట్‌మెంట్ల గూడ గదే ట్యాంకి. ఇంట్ల గాలి సంగతి గిట్లుందని వదినె చెప్తే, సరే, నీళ్ళు సక్కగ రాని ఇంట్ల పసిపిల్లకు స్నానమెట్ల పోస్తరని మేం ఆగినం. నువ్వేమో మొత్తం పోయిందంటవు, మల్ల ఫికర్ లేదంటవు. ఎసొంటి మెకానిక్‌వి నువ్వు?”

ఆవిడ మొదటి నుంచీ మాట్లాడుతున్నది ట్యాంకు గురించి. ఏకాభిప్రాయం అన్నది ఇదే. మరి ఇంత సేపూ మేం నిమ్మకాయలు ఎవరి కోసం కట్టామో నాకు తెలియదు.

సుభద్రమ్మ గారు ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. ఆ క్షణంలో ఆవిడ ముఖం మీద ఏ మార్పూ లేదు. అంత నిబ్బరం నేను ఏ ప్రెషర్ గేజిలోనూ చూడలేదు.

“నింపాడు వదినగారూ. ఇప్పుడే నా ఎదురుగానే నింపాడు. పాపం కుర్రాడు, పని వచ్చుగాని మాట రాదు. మీరు రేపు బయలుదేరండి.”

ఫోన్ పెట్టేసి, గేటుకున్న నిమ్మకాయలు తీసెయ్యమని నాకే చెప్పారు. తీశాను. ఆ ఇంటికి దయ్యం పట్టిన సంగతి అనసూయమ్మ గారికి ఈ రోజుకీ తెలియదు. నార్సింగి మెకానిక్‌కు బుర్ర లేదని మాత్రం తెలుసు.

తమ్ముళ్ళూ, ఇక్కడ ఒక గొప్ప వాక్యం రాద్దామనుకున్నాను. ఆ ఇంట్లో ఒత్తిడి హద్దు దాటినప్పుడు తెరుచుకున్న రిలీఫ్ వాల్వును నేనే అని. ముందుగా సేటుకు వినిపించాను. వాల్వు అయితే ఇంత మాట్లాడేది కాదన్నాడు. కొట్టేశాను.

గురువారం

ఒకసారి వచ్చి చూసిపొమ్మని రవికాంత్ గారు పిలిస్తే వెళ్ళాను. కారు ఆగింది. సుభద్రమ్మ గారు హారతి పళ్ళెంతో ఎదురొచ్చారు. అనసూయమ్మ గారు కారు దిగి, హారతి అయ్యీ అవ్వకముందే లోపలికి నడిచి, స్నానాల గదిలో నల్లా తిప్పి, నీళ్ళ ధార కింద చేయి పెట్టి చూసి, వెనక్కి తిరిగి తలూపారు. దాన్నే ముహూర్తం అనుకుని అందరం లోపలికి వెళ్ళాం.

పాప ఇదంతా పట్టించుకోకుండా నిద్రపోతోంది. రవికాంత్ గారు ఆఫీసుకు సెలవు పెట్టారు. ఫోను ఎక్కడో వదిలేశారు, అది మోగుతోందని భార్య చెప్పినా లేవలేదు. కూతుర్ని భుజం మీద వేసుకుని హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూ ఉన్నారు. చొక్కా భుజం తడిసింది. అది కారడం గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

నేను బయలుదేరుతుంటే ఆయన గుమ్మం దాకా వచ్చారు. పాప లేవకుండా గొంతు తగ్గించి, ఇంకెప్పుడూ ఇలా జరగకూడదంటే ఏం చేయాలండీ అని అడిగారు. వియ్యపురాళ్ళిద్దరూ మాటలాపి నా వైపు తిరిగారు. ఇన్నేళ్ళ వృత్తి జీవితంలో ఒక ఇల్లంతా నా మాట కోసం అలా ఎదురుచూడటం నేనెరగను. ఇలా చెప్పాను.

ట్యాంకులో నీళ్ళు లేనప్పుడు చూస్తే, మోటరు ఏ ఒత్తిడి దగ్గర లేస్తుందో దానికన్నా గాలి రెండు పౌండ్లు తక్కువ ఉండాలి.